బంతి అడగడం పొగరా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో ఫుట్‌బాల్ ఆటగాళ్ల అణకువ మీద వేసిన వ్యాసం చదివాను. నెమ్మదిగా మాట్లాడేవాళ్లంతా మంచివాళ్లు, తమను తాము పొగుడుకునేవాళ్లంతా పిల్లల్ని చెడగొడుతున్నారు అన్నది దాని సారం. మామూలుగా అయితే చదివి మడిచి పక్కన పెట్టేవాణ్ని. కానీ అదే వారం మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అందుకే కలం పట్టాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి గానీ, ఫోర్‌మన్ గారి పన్ను సంగతి మాత్రం ఉంచండి.

నేను రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. పద్నాలుగేళ్లు మా జట్టుకి గోల్‌కీపర్ని. కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. మా మనవరాలు తొమ్మిదో తరగతి. స్కూలు జట్టులో ఫార్వర్డ్ ఆడుతుంది. మొన్న జరిగిన పోటీలో దాన్ని రెండు మ్యాచ్‌లూ బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఎందుకండీ అని అడిగితే, జట్టు బాధ్యత చూసే పెద్దమనిషి, "ఆట ఉంది, అణకువ లేదు. పదో తరగతి పిల్లల్ని పట్టుకుని ‘ఇటియ్, ఇటియ్’ అని అరుస్తోంది. అక్కా అన్న మాటే లేదు" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన భాషలో మర్యాదకి కొంచెం సమయం పడుతుందండీ. "అక్కా, బంతి కొంచెం ఇటు ఇస్తారా" అని పూర్తయ్యేసరికి అవతలి డిఫెండరు వచ్చి బంతి తీసుకుని సగం గ్రౌండు దాటిపోతుంది. ఇంట్లో అక్కని అక్కా అనాలి, కాదనను. గీతలు దాటి లోపలికొచ్చాక "ఇయ్" చాలు.

ఇది నాకు పుస్తకాల్లోంచి వచ్చిన జ్ఞానం కాదు. మా జట్టులో ఒక డిఫెండరు ఉండేవారు, షాపులో ఆయనే నా ఫోర్‌మన్. పొద్దున ఎనిమిదింటి నుంచి ఆయన ఎదుట చేతులు కట్టుకుని నిలబడేవాణ్ని. ఒకసారి రైల్వే గ్రౌండులో మ్యాచ్. కార్నర్ కిక్ ఎత్తుగా వచ్చింది. నా బంతే అది. "వదులు!" అని అరవాలి, కీపరు అరుపు అంతే. కానీ గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఆయన్ని నేను ఏకవచనంలో అరవడమా? "సార్, వదిలెయ్యండి" అన్నాను. ‘వది’ అనేలోపే ఇద్దరం గుద్దుకున్నాం. నా మోచేయి ఆయన నోటికి తగిలి ముందు పన్ను సగం విరిగింది, బంతి వలలో పడింది. నేను వణికిపోతున్నాను. ఆయన నోరు తుడుచుకుంటూ, "ఇందులో సార్ ఎవడ్రా? అరువు!" అన్నారు. ఆ తర్వాత పదేళ్లు ఆయన మీద అరిచాను. సాయంత్రం మ్యాచ్‌లో "వదులు", మర్నాడు పొద్దున షాపులో "నమస్తే సార్". ఆయనకి ఏ ఇబ్బందీ కలగలేదు, నాకూ కలగలేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. మా ఫార్వర్డు ఒకాయన చాలా వినయపరుడు. పేరు చెప్పను, మనవలతో హాయిగా ఉన్నాడు. సికింద్రాబాద్‌లో ఆట, ఒకటి ఒకటి, చివరి నిమిషాల్లో మాకు పెనాల్టీ వచ్చింది. జట్టులో అందరికంటే బాగా కొట్టేది ఆయనే. కెప్టెన్ ఆయన వైపు చూపించాడు. ఆయనేమో, "నాకెందుకన్నా, పెద్దవాళ్లుండగా" అని పక్కకి జరిగి, కింద కూర్చుని బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. సీనియర్ కొట్టాడు, బార్ మీంచి పోయింది. ఆట అలాగే ముగిసింది. తిరుగు ప్రయాణంలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో బెజవాడ వచ్చేదాకా ఆ సీనియర్‌ని తిట్టారు, ఈయన సంస్కారాన్ని మెచ్చుకున్నారు. నేనొక్కణ్నే గమ్మున కూర్చున్నాను. నేను అవతలి గోల్ నుంచి చూస్తూనే ఉన్నాను, ఆయన కట్టుకున్న తాడు అంతకుముందే కట్టి ఉంది. దాన్ని విప్పి మళ్లీ కట్టాడు. భయానికి మనం వినయమని పేరు పెట్టి దండ వేశాం. తప్పు ఆయనది కాదు లెండి, భయం ఎవరికుండదు? మెచ్చుకున్న మాదే తప్పు.

మీ వ్యాసంలో పొగరుకి స్వీడన్ ఆటగాడు జ్లాటన్ ఇబ్రహిమోవిచ్‌ని ఉదాహరణగా చూపించారు. 2018లో లాస్ ఏంజెలెస్ జట్టులో చేరుతూ, నన్ను చూసే భాగ్యం మీకు దక్కింది అన్నట్టు పేపర్లో పేజీ నిండా ప్రకటన వేయించుకున్నాడు. సొంత ఊరు మాల్మోలో కుర్రాడిగా ఉన్నప్పుడే ఇంగ్లండ్ జట్టు ఆర్సెనల్ కోచ్ వెంగర్ ట్రయల్‌కి రమ్మంటే, నేను పరీక్షలివ్వనన్నాడు. నాకూ నచ్చదు అలాంటి మాట. మా షాపులో అయితే వారం రోజులు ఏడిపించేవాళ్లం. కానీ మిగతా సగం కూడా రాయాలి కదా. ఆ ప్రకటన తర్వాత మొదటి మ్యాచ్‌లో, జట్టు 3-1తో వెనకబడి ఉండగా మధ్యలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. దాదాపు 40 గజాల నుంచి గాల్లో ఉన్న బంతిని కొట్టి స్కోరు సమం చేశాడు, చివర్లో తలతో ఇంకోటి వేశాడు. 4-3. ప్రకటన వేసి మొహం చాటేసినవాడు కాదు.

వినయానికి మీరు చూపించిన ఫ్రాన్స్ ఆటగాడు కాంటే నిజంగా బంగారం లాంటి మనిషి. 2018లో ఫ్రాన్స్ ప్రపంచ కప్పు గెలిచాక, అందరూ కప్పుతో ఫొటోలు దిగుతుంటే, అడగడానికి మొహమాటపడి పక్కన నిలబడ్డాడు. సహచరుడు ఎన్‌జోంజీ తెచ్చి చేతిలో పెట్టాల్సి వచ్చింది. ఆ దృశ్యం నాకూ ఇష్టమే. అయితే కప్పు అడగడానికి మొహమాటపడ్డవాడు బంతి లాక్కోవడానికి ఎన్నడూ మొహమాటపడలేదు. 2016లో లెస్టర్‌తో, మరుసటి ఏడు చెల్సీతో ఇంగ్లండ్ లీగ్ గెలిచాడంటే "మీరు కానివ్వండి" అని దారి ఇచ్చి కాదు. ఈ ఇద్దరికీ నోటి తీరు వేరు. గీత లోపల ఒకటే.

2022 డిసెంబరు 18 రాత్రి ఖతార్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఆడిన ప్రపంచ కప్పు ఫైనల్ మేం ఇంటిల్లిపాదీ చూశాం. ఫ్రాన్స్ ఫార్వర్డు ఎంబాపేకి పొగరని పేరు. ఆ ఏడాదే దక్షిణ అమెరికా ఆట యూరప్ ఆటంత ముందుకు రాలేదని నోరు జారి, అర్జెంటీనా వాళ్ల చేత మాటలు పడ్డాడు కూడా. అంతకుముందు 2021లో యూరో పోటీలో స్విట్జర్లాండ్ మీద ఆఖరి పెనాల్టీ పోగొట్టి, జట్టు ఇంటికి పోవడానికి కారణమయ్యాడు. అలాంటివాడు ఈ ఫైనల్లో ఒకే కీపరు మీద మూడుసార్లు పెనాల్టీకి వచ్చాడు. ఆటలో రెండు, స్కోరు సమంగా ముగిశాక పెట్టిన పెనాల్టీ షూటౌట్‌లో మొదటిది. మూడూ వేశాడు. ఇక అర్జెంటీనా మెస్సీ. గొంతు లేవని మనిషి. ఆయనా 2016 కోపా అమెరికా పోటీ ఫైనల్లో చిలీ మీద పెనాల్టీ పోగొట్టి, దేశానికి ఇక ఆడనని వెళ్లిపోయి, తిరిగొచ్చాడు. ఖతార్‌లోనే పోలండ్ మీద ఒకటి పోగొట్టాడు. ఫైనల్లో మళ్లీ బంతి చేతిలోకి తీసుకుని చుక్క మీద పెట్టింది ఆయనే. కీపరుగా చెబుతున్నా, ఆ పన్నెండు గజాల దూరంలో బంతి పెట్టేవాడి మొహం నాకు తెలుసు. పోగొట్టినవాడు మళ్లీ వచ్చి నిలబడితే కాళ్లలో వణుకు నాకు పుట్టేది.

అదే రాత్రి ఒక కీపరు నా పరువు తీశాడు. అదనపు సమయం ముగుస్తుండగా ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ షాట్‌ని అర్జెంటీనా కీపరు మార్టినెజ్ చాచిన ఎడమ కాలితో ఆపాడు. మంచం మీంచి లేచి చప్పట్లు కొట్టాను. గంట తిరక్కుండా, ఉత్తమ కీపరుగా తనకిచ్చిన బంగారు గ్లవ్‌ని పట్టుకుని వేదిక మీదే అసహ్యమైన చేష్ట చేశాడు. మనవరాలు పక్కనే ఉంది, టీవీ కట్టేశాను. ఎదుటివాణ్ని కించపరచడం ఒకటి, నామీద నాకు నమ్మకముందనడం ఇంకోటి. మీ వ్యాసం రెండింటినీ ఒకే గాటన కట్టింది. నా కోపమల్లా అక్కడే.

మన గడ్డ మీద పుట్టినవాణ్నే తీసుకోండి. భారత జట్టుకి కెప్టెన్‌గా చేసిన సునీల్ ఛెత్రి సికింద్రాబాద్‌లో పుట్టాడు. 2018 జూన్‌లో ముంబైలో చైనీస్ తైపీ మీద మూడు గోల్స్ వేశాడు. చూడ్డానికి వచ్చింది రెండు మూడు వేల మంది. మర్నాడు వీడియోలో వచ్చి, మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి వచ్చి ఆ పని చెయ్యండి అని బతిమాలాడు. తర్వాత కెన్యాతో మ్యాచ్‌కి టిక్కెట్లు దొరకలేదు. ఆయన రెండు గోల్స్ వేశాడు. జనాన్ని బతిమాలినంత మాత్రాన బంతిని కూడా బతిమాలాడా? లేదే.

ఆ పెద్దమనిషి మీద ఫిర్యాదు చెయ్యడానికి ఇది రాయలేదు. ఆయన ఎండలో నిలబడి ముప్పై మంది పిల్లల్ని చూసుకుంటున్నారు, నేను కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాను. నేను అడిగేదొక్కటే. పిల్ల ఓడిన జట్టుకి చెయ్యి ఇవ్వకపోతే బెంచీ మీద కూర్చోబెట్టండి. బంతి పోగొట్టుకుని వెనక్కి పరిగెత్తకపోతే కూర్చోబెట్టండి. రిఫరీని తిడితే నేనే వచ్చి చెవి మెలిపెడతాను. బంతి అడిగినందుకు మాత్రం వద్దు. ఆడపిల్లకి గొంతు తగ్గించుకోమని చెప్పేవాళ్లు వీధి వీధికీ ఉన్నారు, గ్రౌండులో ఇంకొకరు అక్కర్లేదు.

రెండు వారాల్లో ఇంకో పోటీ ఉందట. జట్టులో దాని పేరు ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదు. పొద్దున ఆరింటికి మాత్రం ఇద్దరం గ్రౌండుకి వెళ్తున్నాం. మోకాళ్లు ఓర్చుకున్నంతసేపు నేను గోల్లో నిలబడతాను. నిన్న బంతి ఆపి, నడుం పట్టుకుని కాసేపు ఆగాను. అటునుంచి అరుపు వినిపించింది: "తాతా, ఇటియ్!"

ఇట్లు,
రాయనపాడు వర్క్‌షాపు మాజీ గోల్‌కీపర్,
సత్యనారాయణపురం, విజయవాడ.