డేవిడూ, ఆ కుడిచెయ్యి సంగతి నీకు చెప్పి తీరాలి

ఒరేయ్ డేవిడూ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో నువ్వే లెక్కగట్టి ఉంటావు. వకీలువి, వాయిదాలు నీకు అలవాటే, కాబట్టి ఈ ఆలస్యాన్ని కూడా ఒక వాయిదా కింద జమ కట్టి క్షమించెయ్యి. ఇక్కడి కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తాను. అమ్మకు కంట్లో శుక్లాలు తీశారు, ఇప్పుడు తెలుగు పేపరు తెప్పించుకుని అచ్చుతప్పులు పడుతోంది. లలిత ఉద్యోగం మారింది. పెద్దమ్మాయి పియానో మానేసింది, ఇల్లు ప్రశాంతంగా ఉంది. రెడింగ్‌లో వాన. అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. థామస్ క్రాన్మర్ అనే మనిషి నీకు తెలుసా? తెలియదనకు, నీ పెళ్ళికి వచ్చాడు. బందరు చర్చిలో అయ్యగారు ఒక్కొక్క ముక్కా చెప్పి నీ చేత ప్రమాణం చేయిస్తుంటే, మధ్యలో గొంతు పట్టేసి నా వైపు చూశావే (నేను గోంగూర సాక్షిలా నిలబడి ఉంగరం జేబులో వెతుక్కుంటున్నాను), ఆ ప్రమాణాన్ని 1549లో ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో స్థిరపరిచినవాడు అతనే. మాటలు అతని సొంతం కావులే, అంతకుముందు నుంచీ ఇంగ్లండులో పలుకుతున్నవే. పుస్తకానికి ఎక్కించింది మాత్రం ఇతను. ఆంగ్లికన్ (అంటే ఇంగ్లండు చర్చి) మిషనరీలతో అవి బందరు దాకా వచ్చాయి, 1947లో ఆంగ్లికన్లు మిగతా సంఘాలతో కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అయ్యాక కూడా నిలిచాయి, చివరికి నీ గొంతులో ఇరుక్కున్నాయి.

మొన్న శనివారం ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాం. అక్కడ బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి నడిమధ్యలో, తారు రోడ్డులో, రాళ్ళతో పరిచిన ఒక శిలువ గుర్తు ఉంది. సైకిళ్ళు దాని మీదుగానే పోతున్నాయి. పిల్లలు ఐస్‌క్రీము గొడవలో ఉన్నారు కాబట్టి నేను దాని దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. క్రాన్మర్‌ను కాల్చింది అక్కడ. కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ను, ఇంగ్లండు చర్చికంతటికీ పెద్దను, సజీవంగా. అప్పటికి అరవై ఆరేళ్ళ ముసలివాడు. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఇదే చదువుతున్నాను. లలిత "మీ ఆర్చిబిషప్ భోజనానికి వస్తాడా, ఆయన కోసం ఆగాలా?" అని అడుగుతోంది.

మొదటి నుంచి చెప్పకపోతే నీకు రుచి తెలియదు. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పుకుంటూ నలభై ఏళ్ళు వచ్చేదాకా ఊరూ పేరూ లేని పండితుడు. 1529లో కేంబ్రిడ్జిలో అంటువ్యాధి వస్తే వాల్తం అనే చోట ఒక ఇంట్లో తలదాచుకున్నాడు. అప్పుడే రాజుగారి మనుషులు ఇద్దరు అక్కడ దిగారు. ఎనిమిదో హెన్రీకి కేథరీన్ రాణిని వదిలించుకోవాలని ఉంది, పోపు ఒప్పుకోవడం లేదు. భోజనాల దగ్గర ఆ మాట వస్తే మనవాడు, "రోములో కోర్టు చుట్టూ తిరగడం దేనికి, యూరప్‌లోని విశ్వవిద్యాలయాల పండితుల అభిప్రాయం అడగండి" అన్నాడు. అంతే! ఆ మాట రాజు చెవిన పడింది, మనిషి జీవితమే మలుపు తిరిగింది. ఊరికే ఉండలేక ఇచ్చిన సలహా చూడు ఎక్కడికి తీసుకుపోయిందో. రాజన్న క్యాంటీన్లో నువ్వు వార్డెనుకు ఇచ్చిన సలహా గుర్తొచ్చింది, సరే, అది వద్దు.

1532లో రాజు ఇతన్ని జర్మనీ వైపు రాయబారిగా పంపాడు. మనవాడు అప్పటికే చర్చి గురువుగా అభిషేకం పొందినవాడు, గురువులకు పెళ్ళి నిషిద్ధం. అయినా న్యూరెంబర్గ్‌లో ఒక సంస్కరణవాద (పోపును కాదన్న కొత్త క్రైస్తవ పక్షం) బోధకుడి బంధువుల అమ్మాయి మార్గరెట్‌ను పెళ్ళాడాడు. సరిగ్గా అప్పుడే కబురు: నువ్వే తర్వాతి కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌వి, వెంటనే బయలుదేరి రా! కొత్త పెళ్ళాన్ని ఏం చేయాలి? ఏళ్ళ తరబడి దాచి ఉంచాడు. మధ్యలో చట్టం మరీ బిగిస్తే ఆమెను విదేశానికి పంపేశాడు. ఆ తర్వాత ప్రార్థన పుస్తకం కూర్చేటప్పుడు పెళ్ళి ఎందుకు అనే చోట పిల్లల కోసం, పాపంలో పడకుండా ఉండడం కోసం అనే పాత కారణాల పక్కన మూడోది కలిపాడు: సుఖంలోనూ కష్టంలోనూ ఒకరికొకరు తోడుగా, ఆదరువుగా ఉండడం కోసం అని. భార్యను దాచుకుని బతికిన మనిషి రాసిన వాక్యం అది! నేనయితే ఆ ఒక్క వాక్యానికే అతని సగం తప్పులు మాఫీ చేస్తాను. నువ్వు చేయవని తెలుసు.

ఇక్కడ నీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. 1533 మార్చి 30న ఆర్చిబిషప్‌గా అభిషేకం. పోపుకు విధేయుడినని ప్రమాణం చేస్తే తప్ప కుదరదు. రాజేమో పోపుతో తెగతెంపులు చేసుకునే పనిలో ఉన్నాడు. మనవాడు ఏం చేశాడంటే, ముందుగా సాక్షుల ఎదుట ఒక ప్రకటన చదివి నమోదు చేయించాడు: "నేను ఇప్పుడు చేయబోయే ప్రమాణం దేవుడి ధర్మానికీ రాజు హక్కులకూ అడ్డు వచ్చేచోట నన్ను కట్టిపడేయదు" అని. ఆ తర్వాత దర్జాగా ప్రమాణం చేశాడు. చదవగానే గట్టిగా నవ్వాను. నీ ఎడమచేతి సంతకం రా ఇది! హాస్టల్ క్షమాపణ పత్రం మీద ఎడమచేత్తో గీకి, "అది నా సంతకమని ఎవరు రుజువు చేస్తారు?" అన్నావే, దానికి నాలుగున్నర శతాబ్దాల ముందే పూర్వోదాహరణ ఉంది. కోర్టులో వాడుకో.

తర్వాత రాజుకు ఏం కావాలంటే అది. మే నెలలో కేథరీన్‌తో పెళ్ళి చెల్లదని తీర్పు, జూన్ 1న ఆన్ బొలీన్‌కు కిరీటం. మూడేళ్ళకు ఆన్ మీద రాజుకు మనసు విరిగితే ఆ పెళ్ళి కూడా చెల్లదని తీర్పు. రెండు రోజుల తర్వాత ఆమె తల తీశారు. ఆమె కోసం రాజుకు ఉత్తరం రాశాడు పాపం, ఆమె మీద తనకెంతో మంచి అభిప్రాయం ఉండేదని. ఆ వెంటనే రాజుగారు తప్పు చేయరు కదా అని కూడా కలిపాడు. ఆ ఉత్తరం చదివితే ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది.

హెన్రీ మాత్రం ఇతన్ని చివరిదాకా వదల్లేదు. ఒకసారి మంత్రులంతా కుట్ర పన్ని మతద్రోహం కింద ఇతన్ని ఖైదు చేయించబోయారు. రాజు ముందురోజు రాత్రే పిలిపించి తన ఉంగరం ఇచ్చాడు. తెల్లవారి మంత్రులు ఆర్చిబిషప్ అని కూడా చూడకుండా తలుపు బయట నౌకర్ల మధ్య నిలబెట్టారు. రాజవైద్యుడు చూసి, "ఆర్చిబిషప్‌గారు నౌకరీలో చేరినట్టున్నారు ప్రభూ" అని రాజు చెవిన వేశాడు. లోపలికి పిలిచాక మనవాడు ఉంగరం తీసి చూపించాడు. ఆ మంత్రుల మొహాలు చూడాలని నాకు ఎంత ఉందో! ఇదంతా అతని కార్యదర్శి రాసిపెట్టాడు. 1547లో హెన్రీ పోతూ పోతూ పట్టుకున్నది కూడా ఈ క్రాన్మర్ చెయ్యే.

హెన్రీ పోయాక అతని కొడుకు, చిన్నపిల్లవాడు ఎడ్వర్డ్ రాజయ్యాడు. అప్పుడే ప్రార్థన పుస్తకం, 1549లో ఒకసారి, 1552లో మార్చి ఇంకోసారి. లాటిన్ తెలియని మనుషులకు తమ భాషలో ప్రార్థన. ఇదే పెద్ద కథ, కానీ ఇప్పుడు నాకు దాని మీద మనసు లేదు. 1553లో ఎడ్వర్డ్ పోయాడు. సింహాసనం ఎక్కింది ఎవరు? హెన్రీ కూతురు మేరీ. ఆమె తల్లి కేథరీన్. తల్లి పెళ్ళి చెల్లదని, అంటే తను అక్రమ సంతానమని, తేల్చిన మనిషి ఇతను. పైగా ఆమె పట్టుదలగల కేథలిక్. ఇక చెప్పేదేముంది.

రాజద్రోహం కింద మరణశిక్ష పడింది. ఆమె అలా చంపదలచుకోలేదు, మతద్రోహిగా కాల్చాలి. ఆక్స్‌ఫర్డ్‌లో బోకార్డో జైల్లో పడేశారు. 1555 అక్టోబరు 16న తన పక్షం సహచరులు లాటిమర్‌ను, రిడ్లీని కాలుస్తుంటే జైలు కప్పు మీద నుంచి చూడమన్నారు. చూశాడు. తర్వాత ఫిబ్రవరిలో పదవి తీసే తంతు. ముతక గుడ్డతో కుట్టిన ఉత్తుత్తి ఆర్చిబిషప్ దుస్తులు తొడిగి, ఒక్కొక్కటే ఊడబీకి, జుట్టు కత్తిరించి, అభిషేకం పొందిన వేళ్ళ కొసలు గీకారు. ఆ పని మీద వచ్చిన బిషప్పుల్లో ఒకడు పాత మిత్రుడు థర్ల్‌బీ. చేస్తూ చేస్తూ ఏడ్చాడట. డేవిడూ, మనిద్దరిలో ఎవరం ఆ స్థానంలో... వద్దులే.

ఈలోగా మనిషి విరిగిపోయాడు. మధ్యలో జైలు నుంచి తీసి క్రైస్ట్ చర్చ్ కళాశాలలో డీన్ ఇంట్లో పెట్టారు, మంచి భోజనం, మర్యాద, ఒక స్పెయిన్ సన్యాసితో రోజూ వాదన. మళ్ళీ జైలు. లొంగుబాటు పత్రాల మీద సంతకాలు మొదలయ్యాయి. మొదటివాటిలో మెలికలున్నాయి, అదే పాత ఎడమచేతి విద్య. పోనుపోను మెలికలు పోయాయి. మొత్తం ఆరు పత్రాలు. చివరిదాంట్లో పోపే సర్వాధికారి, నేనే మహాపాపిని అని రాసి సంతకం పెట్టాడు. నిన్ను అడగాలనుకున్నది ఇక్కడే. చర్చి ధర్మం ప్రకారం మొదటిసారి తప్పు ఒప్పుకుని పశ్చాత్తాపపడిన మతద్రోహికి ప్రాణం దక్కాలి. మేరీ వినలేదు, కాల్చమంది. చట్టం చేతిలో ఉన్నవాడు చట్టాన్నే దాటితే నిందితుడికి ఏం మిగులుతుంది? దీనికి జవాబు రాయి, ఫీజు ఇవ్వను.

1556 మార్చి 21. వాన. అందుకని కాల్చే ముందు జరగాల్సిన ప్రసంగాన్ని సెయింట్ మేరీ చర్చి లోపలికి మార్చారు. జనం కనబడేలా ఇతన్ని ఒక వేదిక మీద నిలబెట్టారు. ఆ వేదిక ఆనడానికి స్తంభంలో చెక్కిన గాటు ఇప్పటికీ ఉంది, నేను వేలు పెట్టి చూశాను. కోల్ అనే ఆయన ప్రసంగించాడు. తర్వాత క్రాన్మర్ వంతు. ఏం మాట్లాడాలో ముందే రాసి, చూపించి, ఒప్పించుకున్న పాఠం. మొదట అలాగే సాగింది: ప్రార్థన, రాజుకూ (అంటే మేరీ భర్తకు) రాణికీ విధేయంగా ఉండండి, ఒకరినొకరు ప్రేమించండి, ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు పెట్టండి. అందరూ తృప్తిగా వింటున్నారు. ఇక ఆఖరి మాట, ఒప్పుకోలు, చదవాలి.

అక్కడ పాఠం మారిపోయింది! నా మనసును అన్నిటికంటే ఎక్కువ బాధించేది ఆ కాగితాలే, చావుకు భయపడి నా గుండెలో ఉన్నదానికి విరుద్ధంగా రాశాను, అవన్నీ అబద్ధం అన్నాడు. రాసింది ఈ చెయ్యి కాబట్టి ముందు శిక్ష దీనికే, మంటలో మొదట కాలేది ఇదే అన్నాడు. పోపును క్రీస్తు శత్రువు కింద నిరాకరిస్తున్నానన్నాడు. చర్చి అంతా గగ్గోలు. కోల్ కింది నుంచి "నోరు మూయించి లాక్కుపొండి" అని అరిచాడు. వేదిక మీద నుంచి లాగారు. అక్కణ్ణుంచి కాల్చే చోటికి ఎంత వేగంగా నడిచాడంటే వెంట వచ్చే సన్యాసులు అందుకోలేకపోయారట. దారి పొడుగునా వాళ్ళు వాదిస్తూనే ఉన్నారు. చొక్కా, ఉత్త కాళ్ళు, బట్టతల, గుండెల మీదికి గడ్డం.

మంట అంటుకోగానే కుడిచెయ్యి అందులోకి చాపాడు. తీయలేదు. అక్కడే ఉన్న ఒక కేథలిక్ రెండు రోజుల తర్వాత తన మిత్రుడికి ఉత్తరం రాశాడు, అది నేటికీ ఉంది. ఒళ్ళు అంటుకోకముందే చెయ్యి కాలడం అందరూ చూశారని, "ఈ చెయ్యి తప్పు చేసింది" అని గట్టిగా అరిచాడని రాశాడు. అతని మతం అబద్ధమని నమ్మినవాడే, అయినా ఆ ఓర్పునూ ధైర్యాన్నీ మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. స్నేహితుడికి ఉత్తరం రా! ఎదుటి పక్షం మనిషి, మిత్రుడికి చెప్పకుండా ఉండలేక.

నాకు కన్నీళ్ళు వచ్చిన మాట నిజం. మరునాడు పొద్దున్నే కోపం కూడా వచ్చింది. ఇతను పదవిలో ఉండగా ఎవరినీ కాల్చలేదా? 1533లో జాన్ ఫ్రిత్ అనే కుర్రవాణ్ణి విచారించిన వాళ్ళలో ఇతనూ ఉన్నాడు, ఆ కుర్రవాణ్ణి కాల్చారు. 1550లో జోన్ బోషర్ అనే ఆవిడను కూడా. ప్రభువు భోజనం (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) గురించి ఫ్రిత్ చెప్పినదానికి దగ్గరగా ఇతనే తర్వాత నమ్మాడు. ఆఖరి రోజున ఆ చేతికి ఇవి గుర్తొచ్చాయా? ఒక్క ముక్క కూడా అనలేదే! ఇంకో అనుమానం: మేరీ క్షమించి ఉంటే? ఆ ఆరు కాగితాలతోనే ఏ మఠంలోనో ముసలితనం గడిపేవాడు కదా? నువ్వు "అవును, గడిపేవాడు, నేనయినా అంతే" అంటావు. నేను కాదంటాను, కానీ ఎందుకు కాదో ఇంకా...

లలిత కింద నుంచి పిలుస్తోంది, అమ్మను కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. మార్గరెట్ ఏమైందో చెప్పలేదు నీకు! ఆమె తర్వాత ఇంకో పెళ్ళి చేసుకుంది, ఎవరినో తెలుసా, ఆ ప్రార్థన పుస్తకాన్ని అచ్చువేసిన విట్‌చర్చ్‌ను. అది వచ్చే ఉత్తరంలో. సుగుణకు, పిల్లలకు నా

రఘు