అసెంబ్లీలో వార్తలు చదవడం ఆపడం లేదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం నుంచి గేటు దగ్గరా, బస్సు ఆగే చోటా, మీ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే మాట. ఉదయం అసెంబ్లీలో మన అమ్మాయి ఒకరు ధ్రువాల మంచు కరిగి కోనసీమ మునిగిపోతుందని పేపర్లోంచి హెడ్డింగ్ చదివిందనీ, మూడో తరగతి పిల్లలు ఏడ్చారనీ, ఒక బాబు అన్నం మానేసి రాజమండ్రి వెళ్లిపోదామని పట్టుబట్టాడనీ. జరిగిన మాట నిజమే. ఆ బాబు వాళ్ల నాన్నగారు రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆయన బాధ అర్థమైంది. ఆ వేళకి మూడో తరగతి పిల్లాడు ఇంకా మేలుకుని ఎందుకున్నాడో మాత్రం అర్థం కాలేదు.

అసెంబ్లీలో వార్తలు ఆపేయమని కొందరు అడిగారు. ఆపను. ఇకమీదట చదివే పిల్లలు హెడ్డింగుతో సరిపెట్టకుండా వార్త మొత్తం ముందురోజే చదువుకుని వస్తారు.

ఎందుకంటే, మర్నాడు తొమ్మిదో తరగతి వాళ్లు అదే పేపర్ తెప్పించుకుని చివరిదాకా చదివారు. అసలు సంగతి ఎక్కడో అడుగున ఉంది. గ్రీన్‌లాండ్ నేల మీదున్న మంచు మొత్తం కరిగితే సముద్రం సుమారు 7 మీటర్లు లేస్తుంది, దానికి వందలు కాదు వేల ఏళ్లే పట్టవచ్చు. ఆ "మొత్తం", ఆ "వేల ఏళ్లు" రెండూ హెడ్డింగులో లేవు. మీ గ్రూపుల్లో తిరిగిన మెసేజూ ఆ తానులో ముక్కే. అంటార్కిటికాలో మంచు పెరుగుతోంది, పేపర్లవన్నీ బోగస్ అని. అక్కడ సముద్రం మీద తేలే మంచు 2014 వరకు కొంత పెరిగిన మాట వాస్తవం. అదే మంచు 2023 ఫిబ్రవరిలో ఉపగ్రహాలు కొలవడం మొదలయ్యాక ఎన్నడూ లేనంతగా తగ్గిపోయింది. తేదీ తీసేసిన పాత వార్తని పెద్దవాళ్లు ఫార్వర్డ్ చేస్తుంటే, పదమూడేళ్ల పిల్లలు కూర్చుని తేదీ వెతికారు. చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంది.

ఇంతకీ పేపర్‌ని నమ్మాలా అంటే, చదివి నమ్మాలి. హిమాలయాల హిమానీనదాలు 2035 కల్లా మాయమైపోతాయని 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నివేదికలోనే వచ్చింది. పత్రికలన్నీ ఎత్తి రాశాయి. అది తప్పని హిమానీనదాల మీద పనిచేసే శాస్త్రవేత్తలే పట్టుకున్నారు, 2010 జనవరిలో ఆ నివేదిక రాసిన సంస్థే ఒప్పుకుంది, ఆ సంగతీ పత్రికల్లోనే వచ్చింది. మీకొచ్చిన ఫార్వర్డులో తప్పుందని మళ్లీ ఎవరైనా మీకు మెసేజ్ పెట్టారా? పేపర్‌కి తేదీ ఉంటుంది, రాసినవాళ్లుంటారు, నిలదీయడానికి ఒక ఆఫీసు ఉంటుంది. పిల్లలు పేపర్ చదవాలని నేను ప్రాణం పెట్టి చెప్పేది అందుకే.

ఇక, ఏ మంచు కరిగితే సముద్రం లేస్తుందో చూడ్డానికి పిల్లలు చేసిన ప్రయోగం. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు రొయ్యల లోడుకు వేసే ఐసు థర్మోకోల్ డబ్బాలో పట్టుకొచ్చాడు. ఒక గాజు గ్లాసు నీళ్లలో ఐసు తేలేలా వేశారు. ఇంకోదాంట్లో నీళ్లలోంచి పైకి కనబడే రాయి పెట్టి, దాని మీద ఐసు ఉంచారు. రెండింటికీ స్కెచ్ పెన్‌తో గీత గీశారు. కరిగాక మొదటి గ్లాసులో నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి, రెండోదాంట్లో గీత దాటాయి. ఉత్తర ధ్రువం దగ్గర ఆర్కిటిక్ సముద్రంలో తేలే మంచుకీ గ్రీన్‌లాండ్ నేల మీది మంచుకీ తేడా నా పాఠం కంటే ఆ గీతే బాగా చెప్పింది. స్టాఫ్ రూమ్ మాత్రం సాయంత్రం దాకా రొయ్యల వాసనే.

మన ఊళ్లకి ముప్పు లేదని కాదు. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు, అంటే జానెడు లేచింది. ఆ వేగం పెరుగుతోంది. పైగా గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువ ఆనకట్టల్లో ఆగిపోయి డెల్టా నేల కుంగుతోంది. అంతర్వేది వైపు నుంచి వచ్చే పిల్లాడు వాళ్ల తాతగారిని అడిగి, ఇప్పుడు అలలు కొట్టే చోట ఒకప్పుడు ఏ సరుగుడు తోట ఉండేదో బొమ్మ గీసుకొచ్చాడు. బోరు నీళ్లు ఉప్పెక్కడం మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ బొమ్మ నోటీసు బోర్డులో ఉంది, చూడండి.

ఒక చిన్న మనవి. పేపర్ తెమ్మంటే చాలామంది మా ఇంట్లో వేయించుకోం మేడమ్ అన్నారు. వచ్చినవాటిలో ఒకటి బజ్జీల పొట్లం, నూనె మరకల మధ్య సగం వార్తే కనబడింది. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ నెలనెలా రీఛార్జ్ చేయించే మీకు పేపర్ బిల్లు బరువని నేననుకోను.

ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు, రెండో విడత ఫీజు నెలాఖరులోగా. బస్సు ఇకపై పది నిమిషాలు ముందే వస్తుంది. శనివారం ఉదయం పేరెంట్స్ మీటింగులో పిల్లలు ఐసు ప్రయోగం మళ్లీ చేస్తారు. ఈసారి డబ్బా కడిగి పంపమని ఆ అబ్బాయి నాన్నగారికి నమస్కారాలతో చెబుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు