మీ అస్థిపంజరాలు విరుగుతాయి, తప్పు నాదే

ఏప్రిల్, మే నెలల్లో నా దగ్గర ఈటెలు పట్టుకున్న అస్థిపంజరం బొమ్మలు కొన్నవాళ్లందరికీ ఒక మాట. ఇంకా ఆట బల్ల ఎక్కించకపోతే ఎక్కించకండి. ఏదైనా డబ్బాలో దూది వేసి కొట్టుకి పట్టుకొచ్చేయండి. ఎందుకో చెప్తాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మన కొట్టు సంగతి తెలియనివాళ్లకి: పర్లాకిమిడిలో ముందు గదిలో జెరాక్స్, నోటు పుస్తకాలు. వెనక గదిలో ఆరడుగులకి నాలుగడుగుల బల్ల, దాని మీద బొమ్మల యుద్ధాలు. ఆ బొమ్మలు రెజిన్‌తో, అంటే కాంతి తగిలితే గట్టిపడే ద్రవంతో, త్రీడీ ప్రింటర్ మీద నేనే తీస్తాను. ముందు గది ఇంటికి అన్నం పెడుతుంది, వెనక గది నాకు నిద్ర లేకుండా చేస్తుంది.

రజో పండక్కి మొన్న కొట్టు మూసేశాను. పక్కింటి ఒడియా వాళ్లు పోడొ పిఠా పంపించారు, వాన పట్టుకుంది, మా బావ వచ్చాడు. లెక్కల మాస్టారు అప్పటికే తలుపు దగ్గర గొడుగు దులుపుతున్నారు. ఇంకేం, చచ్చినవాళ్ల సైన్యంతో పెద్ద యుద్ధం ఆడదామనుకున్నాం. నేనూ బావా మనుషుల వైపు, మాస్టారు శవాల వైపు.

మేం ఆడేది కింగ్స్ ఆఫ్ వార్. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఉన్న మాంటిక్ గేమ్స్ వాళ్ల ఆట. మన జేబులకి సరిపోయే ఆట అని మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను. కాల్బలంలో పది మందిది చిన్న దళం, ఇరవైది రెజిమెంట్, నలభైది గుంపు. దళమంతా ఒకే ట్రే మీద అంటించి ఉంటుంది, ట్రే కొలతే ముఖ్యం. సగానికి పైగా బొమ్మలుంటే చాలు, అవి ఏ కంపెనీవైనా పర్వాలేదు. దెబ్బ తగిలిన కొద్దీ ఒక్కో బొమ్మని తీసి పక్కన పెట్టే పని లేదు. పక్కన ఓ పాచిక పెట్టి దెబ్బలు లెక్కపెట్టుకుంటాం. రెండు పాచికలు వేసి, పడిన దానికి దెబ్బల లెక్క కలిపితే, ఆ దళానికి రాసి ఉన్న గుండె నిబ్బరం అంకె దాటిందా లేదా అన్నదే పరీక్ష. దాటితే దళం మొత్తం పోతుంది. మనుషుల దళమైతే మధ్యలో తటపటాయించి ఆగిపోవడం కూడా ఉంటుంది. చచ్చినవాళ్లకి ఆ బెంగ లేదు. ఉంటే ఉంటారు, లేకపోతే ఒక్కసారే కూలిపోతారు.

మాస్టారికి సొంతంగా ఉన్నవి ఇరవై. ఆయనకి అరవై కావాలి. అల్మరాలో పాతపట్నం, టెక్కలి ఆర్డర్లకి కట్టి ఉంచిన నలభై ఉన్నాయి.

అవును, మీవే. తీశాను. ఒక్క పూటకే కదా అనుకున్నాను.

రెండో రౌండులోనే మా పని అయిపోయింది, అది మాత్రం చెప్పి తీరాలి. మా గుర్రపు దళం పక్కకి, నాలుగంగుళాల దూరంలో, మాస్టారు ఒక రెజిమెంట్ని తెచ్చి నిలబెట్టారు. ఈ నడిచే శవాలు మనుషుల్లా పరుగు నడక నడవలేవు. పైగా వాటి నడక ఆ రౌండుకి అయిపోయింది. వచ్చే రౌండులో నేనే తిరిగి పొడిచేస్తాను కదా అని ధీమాగా టీ పోసుకున్నాను. ఆయన వెనకాల ఉన్న మంత్రగాణ్ణి చూపించి ఎనిమిది పాచికలు వేశారు. సర్జ్ అనే మంత్రం అది. నాలుగు, ఆపైన పడిన ప్రతి పాచికకీ దళం ఒక అంగుళం ముందుకి జరుగుతుంది, జరుగుతూ శత్రువుని తాకితే దాడి చేసినట్టే లెక్క. ఐదు పడ్డాయి. పక్క నుంచి తాకితే దెబ్బలు వేసే పాచికలు రెట్టింపు. మా బావ నా మొహం చూసి "ఏటి బావా, లెక్కల మాస్టారి దగ్గరా నువ్వు అంగుళాలు లెక్కెట్టడం" అన్నాడు.

అప్పుడే 'టిక్' మని వినబడింది. పాచిక కింద పడిందనుకున్నాను. చూస్తే ఈటె మొన.

తర్వాత ప్రతి దాడికీ అదే చప్పుడు. ట్రేని ట్రేకి ఆనిస్తే చాలు, విరుగుతున్నాయి. ఎత్తి పక్కకి పెడుతుంటే ఒకడి తలే ఊడొచ్చింది. "మీవాళ్లు కొట్టకుండానే మావాళ్లు విరుగుతున్నారేంటండీ" అన్నారు మాస్టారు. ఆట అయ్యేసరికి నలభైలో పదకొండు ఈటెలు, రెండు మెడలు. మాస్టారి సొంత ఇరవైకి గీత కూడా పడలేదు. అవీ నేను తీసినవే, కానీ ఫిబ్రవరిలో. ప్రింటర్‌కి ఇచ్చిన ఫైలూ అదే, రెజిన్ సీసా రకమూ అదే.

తేడా ఎక్కడుందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. బయటికి చెప్పడానికి మాత్రం ఇంకో గంట పట్టింది.

ప్రింటర్ లోంచి వచ్చిన బొమ్మ పచ్చిగా ఉంటుంది. దాన్ని ఆల్కహాల్‌లో కడిగి, ఆరబెట్టి, అతినీలలోహిత కాంతి కింద కొన్ని నిమిషాలు పెడితే గట్టిపడుతుంది. ఆ దీపం పెట్టె ఏప్రిల్‌లో పాడైంది. బాగు చేయించడానికి డబ్బు లెక్క చూసుకుని, ఎండాకాలం కదా, ఎండలోనూ అదే కాంతి ఉంది కదా అని డాబా మీద గుడ్డ పరిచి వడియాలు ఎండబెట్టినట్టు ఎండబెట్టాను. ఎండ వాడటం తప్పు కాదు, చాలామంది వాడతారు. కాకపోతే కాసేపు పెట్టి తీసేయాలి. నేను రెండు రోజులు వదిలేశాను. ఎంత ఎండితే అంత గట్టి అనుకున్నాను. రెజిన్‌కి కాంతి మోతాదు మించితే పెళుసెక్కుతుంది. లావుగా ఉన్నచోట తెలియదు గానీ, ఈటె కర్రలాంటి సన్నటి చోట్లే ముందు పోతాయి.

మన ఊరి కొమ్ము బొమ్మల పని మీకు తెలుసు కదా, ఆ పని చేసే కుర్రాడొకడు సాయంత్రం వచ్చాడు. విరిగిన ముక్క వేళ్ల మధ్య పెట్టి చూసి, "అన్నా, దీన్ని మాడ్చేశావు" అన్నాడు. కొమ్ముకైనా వేడి చూపించి వంచుతారు, శృతి మించితే సరుకు పోతుందట. వేడినీళ్లు అడిగి, మాస్టారి ఇరవైలో వంగిన ఈటె ఒకటుంటే ముంచి చక్కగా నిటారు చేశాడు. డాబా మీద ఎండిన దాన్ని ముంచి వంచబోతే రెండు ముక్కలైంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

ఆ డాబా సరుకు మీ చేతికి వచ్చినవి నూట నలభై. అల్మరాలో ఉండి యుద్ధానికి వెళ్లినవి ఈ నలభై. అన్నీ మళ్లీ తీసి ఇస్తాను. రంగులు వేసేసి ఉన్నా తీసుకురండి. రంగు కష్టం ఎలాగూ తిరిగి ఇవ్వలేను, దానికి బదులు మూడు ఆదివారాలు బల్ల అద్దె తీసుకోను. బొమ్మలు వద్దు, డబ్బే కావాలంటే డబ్బే ఇస్తాను, మొహం చిట్లించను. విరిగినదాన్ని ఫెవిక్విక్‌తో అంటించి ఆడుకుంటాం అనేవాళ్లకి నేనే అంటించి ఇస్తాను గానీ, పక్క ఈటె ఎప్పుడు పోతుందో నేను చెప్పలేను.

నూట ఎనభై అంటే ప్రింటర్ పళ్లేనికి పన్నెండు చొప్పున పదిహేను పళ్లేలు. ఒక్కో పళ్లేనికి ఐదు గంటలు. మధ్యలో కరెంటు పోతే ఆ పళ్లెం పోయినట్టే, అందుకే వాయిదాల మీద యూపీఎస్ కొన్నాను. దీపం పెట్టె కూడా బాగు చేయించాను, ఇప్పుడు గడియారం పెట్టుకుని నిమిషాలు చూస్తున్నాను. రథయాత్ర దాటాక ఇస్తానంటున్నాను. ముందే అయితే ఫోన్ చేస్తాను.

కొత్త ఆర్డర్లకి ధర పెరుగుతుంది, బొమ్మకి ఆరు రూపాయలు. మామూలు రెజిన్‌లో ఐదో వంతు వంగే రకం కలుపుతున్నాను, అది ఖరీదు. ఇప్పుడు మీకు మార్చి ఇచ్చేవాటికి ఈ ఆరు రూపాయలు అడగను.

ఒకరిద్దరు పెద్ద కంపెనీ పెట్టెల్లో బొమ్మల ఫొటోలు పంపి అచ్చు అలాగే తీసివ్వమంటున్నారు. తీయను. అమ్ముకోవడానికి శిల్పుల దగ్గర నెలనెలా లైసెన్సు కట్టి తెచ్చుకున్న ఫైళ్లే నేను తీస్తాను. ఇంకోటి, ఈ వానల్లో ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) స్ప్రే కొట్టకండి. తేమకి బొమ్మ మీద తెల్లగా పొడి పట్టినట్టవుతుంది. కుంచెతో వేసే ప్రైమర్ వాడండి.

ఇది రాస్తుంటే మా ఆవిడ చదివి, ఇంత పచ్చిగా ఎందుకు, 'సాంకేతిక కారణాల వల్ల' అని రాయొచ్చు కదా అంది. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి అలా రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

విరగకుండా మిగిలిన ఇరవై ఏడూ కొత్తవని ఎవరికీ అమ్మను, వెనక గదిలో బల్ల సైన్యంగా ఉంటాయి. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మెల్లగా ఆనించండి. మెడలు ఊడిన రెండూ చెత్తలోకి పోయాయి. ఈటెలు విరిగిన పదకొండు మాత్రం మాస్టారు అడిగి పట్టుకెళ్లారు. చచ్చి లేచొచ్చినవాళ్ల చేతిలో కొత్త ఈటెలుంటే బాగోదంటారు ఆయన. వచ్చే ఆదివారం మళ్లీ ఆడుతున్నాం. ఈసారి గుర్రాల పక్కన అడవి పెట్టుకుంటాను.