తెర వెనుక ధైర్యం నేర్పిన నిమ్మలకుంట కళాకారులకు కృతజ్ఞతలు

ధర్మవరంలో మేము కొందరం కలిసి నడుపుతున్న సాయంకాలపు బడిలో, ఇంట్లో మగ్గం దగ్గర కండెలు చుడుతూ చదువు మధ్యలోనే మానేసిన 11 మంది పిల్లలకు నాలుగు నెలలపాటు తోలుబొమ్మలాట నేర్పి, వారి చేత మళ్లీ పుస్తకం పట్టించిన నిమ్మలకుంట కళాకారుల కుటుంబానికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరారు. 2020లో తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ ఊరి పేరు దేశమంతా విన్నది కానీ, మా మండలంలోనే ఉన్న ఆ ఊరి బొమ్మలను మా పిల్లల్లో ఒక్కరూ చూసి ఉండలేదు.

మొదట నాకే నమ్మకం లేదు. పన్నెండేళ్లు దాటినా కూడబలుక్కుని చదివేవారికి కావలసింది అక్షరాలే గానీ ఆటలు కావనుకున్నాను. వచ్చిన రోజు ఆ కళాకారుల కుటుంబంలోని పెద్దాయన పాఠం ఊసే ఎత్తలేదు. ఆరబెట్టిన మేకతోలును దీపానికి అడ్డుపెట్టి వెలుగు దాని గుండా ఎలా వస్తుందో చూపించి, తల ఇంత ఉంటే చెయ్యి ఎంత ఉండాలో కొలిచి రాయమన్నారు. అలా భాగహారం వారికి అవసరమైంది. బొమ్మను తెర నుంచి దీపం వైపు జరిపితే నీడ పెద్దదై ఎందుకు మసకబారుతుందని ఒక పిల్లవాడు అడిగిన రాత్రి నేనే పాత సైన్సు పుస్తకం వెతుక్కున్నాను.

అసలు మేలు చేసింది తెర. తమకంటే చిన్నవాళ్ల ముందు తప్పులు చదవవలసి వస్తుందన్న సిగ్గే వీరిని బడికి దూరం చేసింది. తెర వెనుక తడబడినా చూసేవారికి కనిపించేది ఆటలోని హాస్యపాత్ర బంగారక్కే. నెలరోజులు నాతో పెదవి విప్పని ఒక అమ్మాయి బంగారక్క మాటలు తానే రాసుకున్నది, ఆటలోని మరో హాస్యపాత్ర కేతిగాడిని దులిపెయ్యడానికి మాటలు చాలక పక్కింటి అవ్వను అడిగి మరీ రాసుకువచ్చింది. (వాటిలో కొన్నింటిని ప్రదర్శనలో మేమే వాడనివ్వలేదు.)

తెరకు తెల్లబట్ట ఇచ్చిన దుకాణదారుకు, పని వదిలించి పిల్లలను పంపిన తల్లిదండ్రులకు, 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే వారిని చేర్చుకున్న ప్రధానోపాధ్యాయులకు కూడా మేము రుణపడి ఉన్నాము. కళాకారులు దారి ఖర్చులు సైతం తీసుకోలేదు. తోళ్ల ఖరీదు మాత్రం పట్టుబట్టి ఇచ్చాము. ఆటలు తగ్గిపోయిన ఈ రోజుల్లో ఆ తోలుతో దీపాల గుమ్మటాలు చేసి అమ్ముకుంటేనే వారికి ఇల్లు గడుస్తుంది.

ఎనిమిది మంది బడిలో చేరారు. ముగ్గురు ఇంకా మగ్గం దగ్గరే ఉన్నారు. వారి కోసం వేసవి తరువాత మళ్లీ వస్తానని పెద్దాయన మాట ఇచ్చారు, ఈసారి ఇంకో హాస్యపాత్ర జుట్టుపోలిగాడి బొమ్మను చేయిద్దామన్నారు.