61 నుంచి 82 నంబర్ల స్పీకర్లు తీసుకున్నవాళ్లకు, హన్మకొండ నుంచి

అందరికీ నమస్తే. విషయం ముందే చెప్పేస్తా. ఈ ఏడాది మార్చి తర్వాత మా దగ్గర స్పీకర్లు తీసుకున్నవాళ్లు, డబ్బా వెనక వైర్లు బిగించే ప్లేటు కింద ఉన్న నంబరు ఒకసారి చూడండి. 61 నుంచి 82 మధ్య ఉంటే మీ జతలో తప్పుంది, ఆ నంబరు నాకు రాయండి. ఆ తప్పు నాది, బాగు చేసే ఖర్చూ నాదే.

ఎట్లా బయటపడిందంటే, జూన్‌లో హుజూరాబాద్ నుంచి ఒక సార్ ఫోన్ చేసి, "తమ్మీ, ఒగ్గు కథ పెడితే డోలు మంచిగ కొడుతుంది, తాళాలు గలగలమంటున్నయి, కథ చెప్పేటాయన మాటలే తెలుస్తలేవు" అన్నారు. దానికి నేనిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. జాతరలో రికార్డు చేసింది కదా సార్, రికార్డింగే అట్ల ఉంటది అన్నాను. గదిలో మందం కర్టెన్లు వేసి చూడండి అన్నాను. పాపం, ఆయన వేశారు కూడా. మూడు వారాల తర్వాత మళ్లీ ఫోన్ చేసి, అదే రికార్డింగు మామూలు హెడ్‌ఫోన్‌లో వింటే ప్రతి మాటా తెలుస్తుంది, నీ స్పీకర్ల మాత్రం చాదర్ కప్పుకొని చెప్పినట్టుంది అనేసరికి నాకు గట్టిగా తగిలింది. తెల్లారే పోయి జత తెచ్చుకున్నా.

కొలత రాత్రి పన్నెండు దాటాకే తీయాలి, ములుగు రోడ్డు మీద లారీలు తగ్గితే తప్ప మైకు పనికిరాదు. మా డాబా మీద రెండు మీటర్ల ఇనుప స్టాండు ఉంది. దాని మీద డబ్బా పెట్టి, అదే ఎత్తులో మీటరు దూరాన మైకు పెట్టి, కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా పాకుతూ పోయే ఒక శబ్దం వదులుతాను. నేలకు తగిలి తిరిగొచ్చేది నేరుగా వచ్చేదానికంటే సుమారు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా మైకుకు చేరుతుంది, అది చేరకముందే కత్తిరించేస్తే ఇక మిగిలేది స్పీకర్ సొంతంగా పలికింది ఒక్కటే. గ్రాఫు చూస్తే 2,200 హెర్ట్జ్ చుట్టూ గుంట. ఎడమ డబ్బాలో రెండున్నర డెసిబెల్స్, కుడిదాంట్లో ఒకటి. మాటలో స, చ, ట లాంటివి విడివిడిగా వినపడేది ఆ చుట్టుపక్కలా, దానికి కాస్త పైనా. డోలు బలమంతా చాలా కిందే ఉంటుంది కాబట్టి దానికేం కాలేదు. సార్ చెప్పింది అక్షరాలా నిజం.

ఆ 2,200 దగ్గరే కింది శబ్దాలు పలికే పెద్ద వూఫర్ పని వదిలి, పై శబ్దాలు పలికే చిన్న ట్వీటర్ అందుకుంటుంది. ఆ పంపకం చేసే బోర్డునే క్రాసోవర్ అంటారు. నేను వాడేది లింక్విట్జ్, రైలీ అనే ఇద్దరు ఇంజనీర్ల పేరు మీదున్న క్రాసోవర్ పద్ధతి, లింక్విట్జ్ 1976లో దాని మీద పేపర్ రాశారు. మార్పిడి జరిగే చోట రెండూ చెరో 6 డెసిబెల్స్ తగ్గి, ఒకే అడుగులో నడవాలి, అప్పుడే రెండూ కలిసి సమంగా పూర్తి శబ్దం అవుతుంది. అడుగు తప్పితే అక్కడ గుంట పడుతుంది.

బోర్డు ఊడదీసి, కింది శబ్దాలను ఆపి పై శబ్దాలను ట్వీటర్‌కు వదిలే కెపాసిటర్లను ఒక్కొక్కటే మీటర్ మీద పెట్టాను. పైన ముద్ర 10 మైక్రోఫారడ్, 5 శాతం అటూ ఇటూ. అంటే తొమ్మిదిన్నరకు తగ్గొద్దు. మొదటిది 7.9. మీటర్ తప్పు చూపిస్తుందేమో అని క్లిప్పులు మార్చి మళ్లీ పెట్టాను, 7.9. రెండోది 8.1. కుడి డబ్బాలోవి 9.2, 8.8. అప్పుడు అటక మీద మిగిలిన సంచి దించి కింద పోసి తెల్లారేదాకా కొలిచాను, ఏ రెండూ ఒక్క తీరుగా లేవు. సరుకు పంపినవాళ్లను అడిగితే సరైన జవాబు లేదు, వాళ్ల దగ్గర కొనడం మానేశాను. కానీ అంతకుముందు ప్రతి కెపాసిటర్‌నూ కొలిచి వేసేవాణ్ని, మార్చిలో ఆర్డర్లు ఎక్కువై ఆ టెన్షన్‌లో సంచి నుంచి రెండు తీసి చూసి మిగతావి నమ్మేశాను. అసలు తప్పు అక్కడ జరిగింది.

కొత్త బోర్డులతో గుంట పూడింది, రెండు డబ్బాల మధ్య తేడా అర డెసిబెల్ లోపే ఉంది. నా కళ్లు గ్రాఫుకు అలవాటు పడ్డాయి కాబట్టి దాని మీదే ఆధారపడలేదు. పాత జత, కొత్త జత పల్చటి తెర వెనక పెట్టి, ఏది ఏదో చెప్పకుండా మా అక్కకు బతుకమ్మ పాట వినిపించాను. మూడుసార్లు మార్చి పెట్టినా ప్రతిసారీ కొత్తదాన్నే చూపించి, "ఇందులో పాడేటామె నడుమ నిలబడ్డది" అంది. రెండు డబ్బాలూ ఒక్క తీరుగా పలికితేనే గొంతు అట్లా మధ్యలో కుదురుతుంది.

వరంగల్, హన్మకొండ, కాజీపేటలో ఉన్నవాళ్ల ఇంటికి నేనే వచ్చి మారుస్తా, గంట పని. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు వాళ్లు డబ్బాలు పంపొద్దు, దారిలో మూలలు దెబ్బతింటాయి. జిల్లాకో ఆదివారం చొప్పున నేనే వస్తాను. స్పీకర్లు వద్దు, డబ్బులే కావాలి అనుకునేవాళ్లకు మొత్తం వాపసు ఇస్తాను, కారణం అడగను.

అడ్వాన్సు ఇచ్చినవాళ్లలో తొమ్మిది మందికి బతుకమ్మ లోపు ఇస్తానన్నాను, అది కుదరదు, దీపావళి అవుతుంది. ముందు ఈ 22 జతలు సరి కావాలి. పైగా ఈ వానలకు ప్లైవుడ్ తేమ పట్టి ఉంది, ఆరకుండా పాలిష్ వేస్తే తర్వాత లేచిపోతుంది.

ఇంకొకటి, వచ్చినప్పుడు ఎట్లాగూ చెప్తా గానీ, ఇప్పుడే జరిపిపెట్టండి. మీలో చాలామంది వీటిని టీవీ షోకేసులో గోడకు ఆనించి ఇరికించారు. డబ్బా ముందు పలక వెడల్పు 21 సెంటీమీటర్లే, సుమారు 550 హెర్ట్జ్ నుంచి కిందికి పోయేకొద్దీ శబ్దం ముందుకే పోకుండా వెనక్కి కూడా చుట్టుకుంటుంది, ఆ లోటు పూడ్చే ఏర్పాటు బోర్డులోనే ఉంది. గోడకు ఆనిస్తే గోడ ఇంకొంత కలుపుతుంది, బేస్ బుంగలో ఊదినట్టు అవుతుంది. కనీసం అడుగున్నర ముందుకు జరపండి. షోకేసు తప్ప వేరే చోటు లేకపోతే నంబరుతో పాటు ఆ మాట కూడా రాయండి, మీ బోర్డు దానికి తగ్గట్టు వేరే కట్టి తెస్తాను.