సంతాపం రాని చావులు

సంపాదకులకు,

జనం చీదరించుకున్న పెద్దమనిషి ఎవరైనా కన్నుమూస్తే ఉత్తరాల పేజీకి వచ్చేవి రెండే రకాలు. ‘పోయినవారిని తిట్టకూడదు’ అని కొందరు, ‘పీడ విరగడైంది, సంతోషిస్తే తప్పేమిటి’ అని కొందరు. ఏమీ రాయలేక ఊరుకున్నవాళ్లు మాత్రం ఇంతకు పదింతలుంటారు. వార్త చూడగానే హాయిగా అనిపించి, మరుక్షణం ‘ఛీ, ఇదేం బుద్ధి’ అని తమను తామే తిట్టుకున్నవాళ్లు వీళ్లు. ఈ ఉత్తరం వాళ్ల కోసం, కొంత మీ డెస్క్ కోసం.

సంతోషం, విచారం ఒకేసారి కలగడం కపటం కాదు. లార్సెన్, మెక్‌గ్రా, కచియోప్పో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన పరిశోధనలో, పట్టా పుచ్చుకుంటున్న రోజునా హాస్టల్ ఖాళీ చేస్తున్న రోజునా విద్యార్థులను అడిగి చూస్తే, రెండూ ఒకేసారి ఉన్నాయని చాలామంది చెప్పారు. నచ్చనివాడి చావు దగ్గరా అంతే, కాకపోతే ఇక్కడ చిక్కు పెద్దది. విడదీసుకుంటే కొంత తేలికవుతుంది. ఊరట కలిగేది ఆ మనిషి ఇక ఎవరికీ హాని చెయ్యలేడని. పదవి దిగి ఏళ్లు గడిచిన మనిషైతే ఆ ఊరట సాయంత్రానికే ఆవిరైపోతుంది. ఎందుకంటే ఆ హాని ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, లేదా వేరేవాళ్ల చేతుల మీదుగా ఇంకా సాగుతుంటుంది. జాలి తరచూ పోయినవాడి మీద కాదు, టీవీలో కనిపించిన ఇంటివాళ్ల మీద. ఇక అన్నిటికంటే మొండిది కోపం. యుద్ధ నేరాల కేసులో అంతర్జాతీయ కోర్టు ముందు నిలబడ్డ సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ 2006 మార్చి 11న హేగ్‌లో జైలు గదిలోనే చనిపోతే, నాలుగేళ్లుగా నడిచిన విచారణ తీర్పు లేకుండా ముగిసింది. అలాంటి కబురు విన్న బాధితుడికి గెలిచినట్టు ఉండదు, చేతికి చిక్కిన దొంగ గోడ దూకిపోయినట్టు ఉంటుంది. ‘చచ్చినవాడి మీద పగేమిటి’ అని ఆ మనిషి నోరు నొక్కడం అన్యాయం.

‘మరణాంతాని వైరాణి’, అంటే పగలన్నీ చావుతోనే సరి, అన్న మాట ఇక్కడే అడ్డమొస్తుంది. రావణుడు పడిపోయాక రాముడు విభీషణుడితో అన్నది. దీన్ని వాడేవాళ్లలో ఎక్కువమంది సందర్భం వదిలేస్తారు. అన్న చేసిన అధర్మాలన్నీ ఏకరువు పెట్టి, వాడికి సంస్కారం చెయ్యనన్నాడు విభీషణుడు. రాముడు ఆ జాబితాను కొట్టెయ్యలేదు. అధర్మం, అసత్యం కలవాడే కావచ్చు, కానీ తేజస్వి, బలవంతుడు, శూరుడు అన్నాడు. మన పని అయింది, ఇక సంస్కారం చెయ్యి అన్నాడు. దహనానికి ఒప్పుకున్నాడే గాని, చేసిన పనులు చెరిపెయ్యమనలేదు.

ఈ తేడా ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే చిలీ వైపు చూడాలి. ఆ దేశాన్ని ఏలిన సైనిక నియంత పినోచెట్ 2006 డిసెంబర్ 10న, ఒక్క కేసులోనూ శిక్ష పడకుండానే చనిపోయాడు. శాంటియాగోలో ఒక వీధిలో సంబరాలు, ఇంకో చోట ఏడుపులు. అప్పటి అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ తండ్రి అదే పాలనలో చిత్రహింసలు పడి 1974లో నిర్బంధంలోనే చనిపోయారు. ఆమే స్వయంగా నిర్బంధంలో ఉండి వచ్చారు. దేశాధినేతకిచ్చే అంత్యక్రియలు లేవు, జాతీయ సంతాప దినాలు లేవు అని తేల్చారు. ఒకప్పటి సైన్యాధిపతిగా సైనిక లాంఛనాలకు మాత్రం ఒప్పుకున్నారు. తాను వెళ్లలేదు, రక్షణ మంత్రి వెళ్లారు. ఏ హోదాకు ఏ గౌరవం అన్నది అంత కచ్చితంగా తేల్చడం మామూలు పని కాదు.

ఇక మీ డెస్క్ సంగతి. ‘చచ్చినవాడి కళ్లు చారెడు’ అన్న సామెతకు మన మరణ వార్తలే రుజువు. బతికినన్నాళ్లూ కోర్టుల చుట్టూ తిరిగినవాడు పోయిన మర్నాడు అజాతశత్రువైపోతాడు. దీనికి కారణం కుట్రేమీ కాదు, టైము. రాత్రి పదకొండుకు కబురొస్తుంది, పన్నెండుకు పేజీ వెళ్లాలి. అప్పటికి చేతిలో ఉండేవి నాయకుల సంతాప ప్రకటనలే. వాటిలోని విశేషణాలే మన కాపీలోకి జారిపోతాయి. పెద్ద పత్రికలు ఇందుకే ప్రముఖుల మరణ వ్యాసాలు వాళ్లు బతికుండగానే రాసి ఉంచుకుంటాయి. 2011లో హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ పోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్ అచ్చేసిన వ్యాసం రాసిన మెల్ గసో, ఆమెకంటే ముందే 2005లో చనిపోయారు. అయినా హెడ్డింగ్ దగ్గర జారిపడవచ్చు. 2019 అక్టోబర్‌లో ఐసిస్ ఉగ్రవాద సంస్థ నాయకుడు బగ్దాదీ చనిపోతే వాషింగ్టన్ పోస్ట్ శీర్షికలో నిరాడంబర మతపండితుడని పెట్టి, నవ్వులపాలై, మార్చుకుంది.

చెయ్యదగ్గది కష్టమేం కాదు. పదవులు చెప్పిన వరసలోనే, మొదటి మూడు పేరాల లోపే, చేసిన హాని కూడా రావాలి. దాన్ని చివరి పేరాకు నెడితే చోటు చాలనప్పుడు ముందు కోతపడేది అదే. ‘వివాదాస్పదుడు’ అని రాసి తప్పించుకోకండి. ఏ వివాదం, ఏ ఏడాది, ఎవరికి ఏం జరిగింది అన్నది రాయండి. ఆరోపణ, చార్జిషీటు, శిక్ష, నిర్దోషిగా విడుదల, ఈ నాలుగూ వేరు. చావు వల్ల అందులో ఏదీ ఇంకోటిగా మారదు. మరణానికి కారణాన్ని ‘పాపం పండింది’ అనిపించేలా వర్ణించడం కూడా తప్పే. నాయకుల ప్రకటనలు ఆరు వేసినప్పుడు, ఆ మనిషి వల్ల నష్టపోయిన ఒకరికైనా ఫోన్ చెయ్యాలి. ‘మాట్లాడలేను’ అంటే ఆ మాటే వెయ్యవచ్చు.

పాఠకులకు ఒక్కటే. పొగడలేనప్పుడు ‘తీరని లోటు’ అనక్కర్లేదు. ‘కుటుంబసభ్యులకు నా సానుభూతి’ అన్న ఒక్క వాక్యంలో అబద్ధం లేదు. అదీ రాకపోతే మౌనంగా ఉండొచ్చు, మౌనాన్ని ఎవరూ కోర్టుకీడ్చరు. విమర్శ రాయాలంటే మీ పేరుతో, మీ చోట రాయండి. వాళ్ల పిల్లల పేజీ కింద కాదు. అన్నిటికంటే ముందు ఆ మనిషి నిజంగా పోయాడో లేదో చూసుకోండి. 2008లో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ పొరపాటున ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ మరణ వార్తనే బయటపెట్టింది, ఆయన మరో మూడేళ్లు బతికాడు.

మీ దగ్గర సిద్ధంగా ఉన్న వ్యాసాలుంటే, అవి ఎవరి గురించో ఆ మనిషి గిట్టనివారు ఒకరితో, అభిమానించేవారు ఒకరితో ఇప్పుడే ఒకసారి చదివించండి. రాత్రి పదకొండు తర్వాత అందుకు వ్యవధి ఉండదు.

— ఒక విశ్రాంత సబ్ ఎడిటర్