గోతి పూడ్చకముందే చూడమ్మా

అమ్మలూ,

నిన్న ఫోన్లో "నేను సైటుకు వెళ్లేసరికే కాలువ అడుగు కాంక్రీటు, అదే బెడ్డు, వేసేశారు నాన్నా, ఇప్పుడు కొలతలు రాసివ్వమంటున్నారు" అన్నావు కదా, అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వార్డు సచివాలయంలో చేరి నెలైనా కాలేదు, పెద్దవాళ్లను ఎదురు ప్రశ్నించలేక టెన్షన్ పడుతున్నావని తెలుసు. ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను.

ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు కొలతల పుస్తకం ఎం బుక్కులో ఎక్కించేది నువ్విచ్చిన కొలతలు చూసే. ఆపై ఇంజనీరు డీఈ గారు కొలతలు సరిచూసే చెక్ మెజర్‌మెంటుకు వచ్చే నాటికి పైకి కనిపించేదే మిగులుతుంది. మట్టి కింద ఏముందో చూసే అవకాశం నీ ఒక్కదానికే ఉంటుంది, అదీ ఒక్క పూటే.

వర్క్ ఇన్‌స్పెక్టరుగా నా రెండో ఏడు, ఒక కాలనీలో సైడు కాలువ పని నాకు అప్పగించారు. బెడ్డు వేసే రోజు నేను తిరునాళ్లకు వెళ్లాను. మర్నాటికి గోడల సెంట్రింగ్ కూడా కట్టేశారు. మేస్త్రీ చెప్పిన మందం రాసిచ్చాను, లెవల్ చూడలేదు. మొదటి పెద్ద వానకు నీళ్లు మెయిన్ కాలువ వైపు పోకుండా వెనక్కి తన్ని చివరి నాలుగిళ్లలోకి వచ్చాయి. ఒకావిడ మోకాలి లోతు నీళ్లలో బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది, ఒక్క మాట కూడా అనలేదు. ఎత్తుపల్లాలు చూసే ఆటో లెవల్ పెట్టి చూస్తే కాలువ మధ్యలో నాలుగంగుళాలు ఎత్తుగా ఉంది. ఆ తప్పు నాదే.

అందుకే చెప్తున్నాను. బెడ్డు వేసే ముందే పై చివర, మధ్యలో, కింది చివర స్టాఫ్ (గీతల కొలకర్ర) నిలబెట్టి ఆటో లెవల్‌లోంచి చూడు. నీళ్లు పోయే దిక్కుగా నడిచేకొద్దీ రీడింగు పెరుగుతూ పోవాలి. ఎక్కడైనా తగ్గిందంటే అక్కడ నేల ఎత్తుగా ఉన్నట్టే. పని ఆపించు, ఏఈ గారికి అక్కడి నుంచే ఫోన్ చెయ్యి.

సీసీ రోడ్డు పడేటప్పుడు కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గరే నిలబడు. పని సులువుగా సాగాలని నీళ్లు ఎక్కువ పోస్తారు, దాంతో కాంక్రీటు బలం పడిపోతుంది. బలం పరీక్షకు పంపే 15 సెంటీమీటర్ల క్యూబులు నీ కళ్లముందే పోయించి, తేదీ నువ్వే గీయి. బూడిద కలిసిన పీపీసీ సిమెంటైతే మామూలు సిమెంటు కన్నా ఎక్కువ రోజులు క్యూరింగ్ జరగాలి. గట్లు కట్టి నీళ్లు నిలిపారో లేదో పొద్దున్నే ఒకసారి చూసి రా.

అన్నిటికన్నా నాకు భయం నీళ్లతోనే. వీధి దీపాలు, గుంతలు, ఫిర్యాదులు నువ్వే నేర్చుకుంటావు. మన ఊళ్లలో కుళాయి 24 గంటలూ రాదు. నీళ్లు ఆగినప్పుడు పైపులో ప్రెషర్ పడిపోతుంది. ఇంటి కనెక్షన్ పైపు మురుగు కాలువలోంచి పోతూ, దానికి సన్నటి చిల్లు ఉన్నా చాలు, మురుగును లోపలికి లాగేస్తుంది. మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురుగే ముందుగా బిందెలో పడుతుంది. 2018లో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి అతిసారంతో ప్రాణాలు పోయాయి. అప్పట్లో నీకు ఆ వార్త చదివి వినిపించాను, గుర్తుందా? కాలువలు తీయించేటప్పుడు దగ్గర ఉండి, అందులోంచి పోయే పైపులన్నీ ఇంటి నంబర్లతో సహా రాసుకో. ఆ లిస్టు ఏఈ గారికి ఇచ్చి, వాటిని పైకి మార్పించేదాకా వెంటపడు.

క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి సరిపెట్టకు. తెల్లవారుజామున లైనులో ఆఖరి ఇంటికి వెళ్లు. గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసి, పసుపు రంగు వస్తుందో లేదో చూడు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా అక్కడ ఉండాలి. రంగు రాకపోతే రాలేదనే రాయి.

ఇప్పుడు ఆ బెడ్డు సంగతి. చూడనిది రాయకు. "నేను వెళ్లేసరికి పని పూర్తయి ఉంది, తవ్వి చూస్తే గానీ మందం తెలియదు" అని కాగితం మీద పెట్టి ఏఈ గారికి ఇవ్వు. కోప్పడితే వినమ్మా, ఎదురు చెప్పకు, కాగితం మాత్రం వెనక్కి తీసుకోకు.

నా స్టీలు టేపు బస్సులో పంపుతున్నాను. మొదట్లో గీతలు అరిగిపోయాయి. 10 సెంటీమీటర్ల గీత దగ్గర పెట్టి కొలిచి, చివర్లో 10 తీసెయ్.

నాన్న